తీగ మీద రోజుకో బట్ట

ఫ్రేముల మేస్త్రి దుకాణంలో ఒక నియమం ఉంది. పాత ఫ్రేము విప్పినప్పుడు దాని వెనక నుంచి ఏది రాలినా, తుప్పు పట్టిన మేకు కానీ, పురుగు కొట్టిన అట్టముక్క కానీ, ఒక కవరులో వేసి కొత్త ఫ్రేముతో పాటు సొంతదారు చేతిలో పెట్టాలి. ఉంచుకోవడమా పారేయడమా అన్నది వాళ్ళిష్టం. "మనకి చెత్తే. వాళ్ళకి ఏమిటో మనకేం తెలుసు? అడక్కుండా పారేయకూడదు," అంటాడు మేస్త్రి. ఈ మాట దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. దారిన పోతూ ఆగినవాళ్ళకీ చెబుతాడు. ఇంట్లో ఈ మాట మొదలైందంటే ఆయన భార్య వెళ్ళి గిన్నెలు తోమడం మొదలుపెడుతుంది, చప్పుడులో వినపడకుండా ఉంటుందని.

అలాంటి మనిషి చేసిన పని ఇది.

ఆ ఉదయం ఆయన బల్ల మీద ఉన్నది బయటి బేరం కాదు. అటక సర్దుతుంటే పాత రేకుపెట్టె అడుగున దొరికిన గుడ్డ. తల్లి వయసులో ఉండగా కుట్టింది. గోధుమరంగు బట్ట మీద రెండు పిట్టలు ఎదురెదురుగా కూర్చుని ఉంటాయి, మధ్యలో పూలతీగ. పిట్టల ఒళ్ళంతా గొలుసుకుట్టు. రెక్కల్లో ఒక్క దారం కూడా పక్కదాని మీదికి ఎక్కలేదు. కుడివైపు పిట్ట ముక్కు మాత్రం కాస్త పైకి తిరిగి ఉంది, ఏదో అడగబోతున్నట్టు. మేస్త్రికి అన్నిటికన్నా ఆ ముక్కే నచ్చింది.

మడతల గీతలు పోవడానికి తడిబట్ట కింద ఉంచి, నీడలో ఆరబెట్టాడు. అట్టకి తొడిగి, వెనక నుంచి దారంతో అటూ ఇటూ లాగి కట్టాడు. బిగువు సరిపోయిందో లేదో వేలితో మీటి చూశాడు. టేకు కర్ర నాలుగు ముక్కలూ ఏటవాలుగా కోసి, ఉప్పుకాగితంతో రుద్ది, జిగురు పెట్టి కలిపాడు. మూలమట్టం ఆనించి చూస్తే వెలుతురు దూరే సందు లేదు. తన పనికి తానే తల ఆడించుకున్నాడు. ఇక అద్దం బిగించడమే మిగిలింది. అద్దం పడ్డాక మెరుపు తప్ప ఇంకేమీ రాదు కాబట్టి, బిగించే ముందే ఫొటోలు తీసి పెట్టుకోవడం కూడా ఆయన నియమాల్లో ఒకటి.

ఆయన ఫోను కిందపడి దాని కెమెరా గుడ్డిదైంది. అందుకని ఆ రోజు తల్లి టాబ్లెట్ తెచ్చుకున్నాడు. అది మొదట కూతురిది. ఒక మూల పగిలాక ఆ పిల్ల దాన్ని నానమ్మకి ఇచ్చేసింది. పొద్దున్న తల్లి స్నానానికి వెళ్ళి ఉంటే, కుర్చీలో ఉన్నదాన్ని చంకలో పెట్టుకుని వచ్చేశాడు. కన్నతల్లి వస్తువు తీసుకోవడానికి అడగడం కూడానా?

నాలుగు ఫొటోలు తీశాడో లేదో, ఇక చోటు లేదంది టాబ్లెట్. ఏది ఎంత మేస్తోందా అని చూస్తే, అన్నిటికన్నా పైన ఒక ఆట ఉంది. గళ్ళలో రంగులు నింపేది. చిన్నపిల్లల వ్యవహారం. కూతురు ఎప్పుడో ఎక్కించి మరిచిపోయి ఉంటుందనుకున్నాడు. తీసేస్తే లోపలున్నదంతా పోతుంది, సరేనా అని అడిగింది టాబ్లెట్. యంత్రమే అయినా ఆ మాత్రం మర్యాద దానికి ఉంది. మేస్త్రి సరేనని నొక్కాడు.

ఆ తర్వాత ఆయన చేతికి అడ్డు లేకపోయింది. ముందు వైపు, వెనక వైపు, నాలుగు మూలలు, దారం ముడులు, రెక్కలు, ముక్కు. అంతటితో ఆగక వీడియో కూడా తీశాడు, దుకాణానికి వచ్చినవాళ్ళకి చూపించడానికి. తీస్తూ తనే గొంతు సవరించుకుని వర్ణన కూడా చెప్పాడు. టాబ్లెట్ మళ్ళీ చోటు లేదనేదాకా తీసి, అప్పుడు అద్దం బిగించాడు.

సాయంత్రం ఫ్రేము తెచ్చి ముందుగదిలో తగిలించాడు. కిటికీకి ఎదురుగోడ మీద అద్దం ఫ్రేము పెట్టకూడదని పదిమందికి చెప్పేవాడే, గుమ్మంలో అడుగుపెట్టగానే కనపడాలని సరిగ్గా అక్కడే మేకు కొట్టాడు. కొట్టి, కిటికీ పక్క కుర్చీలో ఉన్న తల్లి వైపు తిరిగాడు.

"ఎలా ఉందమ్మా?"

పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని, కుర్చీ చేతులు ఆసరాగా పట్టుకుని లేచింది. దగ్గరికి వెళ్ళి చూసింది.

"మూలలు బాగా కలిపావు," అంది.

"మూలల సంగతి కాదమ్మా, పిట్టలు?"

"పిట్టలు ఎక్కడికి పోతాయి. అక్కడే ఉన్నాయిగా."

మేస్త్రి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేస్త్రికి చివుక్కుమంది. పొద్దుటి నుంచి చేసిన పనికి రావలసిన మాట ఇది కాదు. కళ్ళు తడుస్తాయనుకున్నాడు, తలమీద చెయ్యి వేస్తుందనుకున్నాడు. పెద్దావిడ మాత్రం తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుని, "నా పలక తెచ్చావా?" అని చెయ్యి చాపింది. టాబ్లెట్‌ని ఆవిడ అలాగే అంటుంది.

ఆవిడ వేలు పలక అద్దం మీద ఒకచోటికి అలవాటుగా వెళ్ళి ఆగింది. పక్కకి జరిగింది. మళ్ళీ మొదటిచోటికి వచ్చింది. కాసేపటికి మనవరాలిని పిలిచింది. ఆ పిల్ల కాలేజీ నుంచి వచ్చి అప్పుడే తల దువ్వుకుంటోంది, దువ్వెన జుట్టులోనే ఉంచుకుని వచ్చి చూసింది.

"ఇందులో లేదు నానమ్మా. నాన్నా, నువ్వేమైనా తీసేశావా?"

"నేనేం తీస్తాను? చోటు చాలకపోతే ఆ రంగుల గళ్ళ ఆట ఒకటి..."

"అది నానమ్మది."

"నానమ్మ ఆటలాడుతుందా?"

కూతురు వెళ్ళి నానమ్మ కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "మళ్ళీ ఎక్కించొచ్చు నానమ్మా. కానీ ఖాళీగా వస్తుంది. చేసిందంతా దాంతోనే పోతుంది," అంది మెల్లగా.

"మొత్తమా?"

"మొత్తం."

పెద్దావిడ టాబ్లెట్‌ని పక్కనున్న స్టూలు మీద బోర్లా పెట్టింది. "పోనీలే. పొద్దుపోక చేసుకున్నదేగా," అంది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. రెండు చేతులూ ఒడిలో ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది, ఎవరో దాచమని ఇచ్చి వెళ్ళినట్టు.

"ఆటే కదమ్మా," అన్నాడు మేస్త్రి.

"ఆటేలేరా."

తిట్టి ఉంటే బాగుండేది. తిడితే తిరిగి ఏదో ఒకటి అనొచ్చు, ఇద్దరూ కాసేపు మూతులు ముడుచుకుని ఆ తర్వాత మామూలుగా ఉండొచ్చు. పోనీలే అన్నదానికి ఎదురు ఏమంటాం? మేస్త్రి వెళ్ళి ఫ్రేము వంకరగా ఉందేమోనని చూశాడు. వంకర లేదు.

మర్నాడు దుకాణానికి బయల్దేరుతూ చూస్తే పెద్దావిడ అదే కుర్చీలో, అవే చేతులతో ఉంది. టాబ్లెట్ స్టూలు మీద బోర్లానే ఉంది. మధ్యాహ్నం భోజనానికి వచ్చినా అంతే. అప్పుడు పట్టుకుంది మేస్త్రికి ఒక దురద. ఇంతకీ ఏముంది అందులో? తాను పోగొట్టింది ఏమిటో తనకే తెలియకపోవడం ఆయనకి మింగుడుపడలేదు. దుకాణంలో ఏది విప్పినా ముందు ఏముందో చూసి, ఆ తర్వాతే చెయ్యి వేసే మనిషి మరి.

కంచం ముందు కూర్చుని భార్యని అడిగాడు.

"అత్తయ్య ఆ కుర్చీలో రోజూ ఏం చేసేదో మీరెప్పుడైనా చూశారా?" అని ఆవిడ ఎదురు అడిగింది.

"టాబ్లెట్ చూస్తూ ఉండేది."

"చూస్తూ కాదు, చేస్తూ. ఒకసారి టీ ఇవ్వడానికి వెళ్తే అందులో ఎర్ర తువ్వాలు కనపడింది. తీగ మీద ఆరేసింది. ఎంత బాగా వేసిందంటే, పిండితే నీళ్ళు కారేటట్టుంది."

"తువ్వాలా?"

"తువ్వాలే. ఆవిడ వేలితోనే. గడి గడీ నొక్కుకుంటూ." కూర వడ్డించి, మళ్ళీ అంది. "మీకు చూపించాలని ఒకసారి పిలిచింది కూడా. మీరు ఎవరితోనో మేకుల గురించి చెబుతున్నారు ఫోన్లో."

ఆ ముద్ద దిగడానికి మేస్త్రి నీళ్ళు తాగాల్సి వచ్చింది.

సాయంత్రం కూతురిని పట్టుకున్నాడు. ఆ పిల్ల ముందు బిర్రబిగుసుకుని కూర్చున్నా, తండ్రి నిజంగానే తెలుసుకోవాలనుకుంటున్నాడని గ్రహించాక కాస్త మెత్తబడింది.

"నానమ్మ దాన్ని గుడ్డ అనేది నాన్నా. పొడుగ్గా ఉంటుంది. వేలితో పక్కకి జరుపుకుంటూ పోవాలి. పై నుంచి ఒక తీగ అలా వెళ్తూనే ఉంటుంది. దాని మీద రోజుకో బట్ట."

"ఎవరి బట్టలు?"

"ఎదురు మేడ మీద మూడో అంతస్తు వాళ్ళవి. వాళ్ళు రోజూ ఆరేసినవాటిలో ఒక్కటి ఎంచుకుని అది వేసేది. చొక్కా, దుప్పటి, పసిపిల్లల లంగోటీ, ఏదో ఒకటి. వాళ్ళకి బాబు పుట్టిన సంగతి మనందరికన్నా ముందు నానమ్మకే తెలిసింది."

"ఎంత పొడుగుండేది?"

కూతురు ఆలోచించింది. "తెలీదు. చివరిదాకా జరిపి నేనెప్పుడూ చూడలేదు," అంది. అన్నాక ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. తండ్రి ఒక్కడి మీదే కోపం తెచ్చుకోవడానికి లేదని అప్పుడే తోచినట్టుంది.

మూడో రోజు మేస్త్రి దుకాణం తెరిచే ముందు టాబ్లెట్ పట్టుకుని ఫోన్ల డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఈసారి తల్లిని అడిగే తీసుకున్నాడు. ఫోన్ల డాక్టరుది పక్క వీధిలో గుహలాంటి కొట్టు. కంటికి భూతద్దం బిగించుకుని, ఎవరిదో ఫోను పొట్ట కోసి కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ ఎప్పటినుంచో బావా అంటే బావా అనుకునేవాళ్ళు.

"కాపీ ఏమైనా దాచారా బావా, ఇంకెక్కడైనా?"

"మా అమ్మ ఏది దాచినా పోపుల డబ్బాలోనే."

"అయితే పోయినట్టే. పగిలింది ఉంటే మారుస్తాను, విరిగింది ఉంటే అతికిస్తాను. లేనిదాన్ని ఏం చేయను?"

"ఏదో కొంచెమైనా, ఒక ముక్కయినా రాదా?"

"దీని మీద నువ్వు బోలెడు కొత్తవి నింపావుగా. పాతదాని జాడ కూడా వాటి కింద పడి పోయుంటుంది." భూతద్దం పైకెత్తి మేస్త్రిని చూశాడు. "ఇంతకీ ఏమిటది, అంత విలువైనది?"

"తీగ."

"తీగా?"

"తీగ మీద తువ్వాలు. ఎర్రది."

ఫోన్ల డాక్టరు చేతిలో ఉన్న పట్టకారు జాగ్రత్తగా కింద పెట్టాడు. "కూర్చో బావా, టీ తెప్పిస్తాను," అన్నాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, ఆ రోజే ఒకావిడ తన ఫ్రేము కోసం దుకాణానికి వచ్చింది. ఆవిడ తల్లిదండ్రుల పెళ్ళి ఫొటో అది. మేస్త్రి కాగితం విప్పి ఫ్రేము చూపించి, అలవాటు ప్రకారం కవరు చేతిలో పెట్టాడు. ఆవిడ కవరు విదిలించి చూసింది. తుప్పు పట్టిన మేకులు, వెనక అట్ట మీది చిరిగిన కాగితం పేలిక.

"ఇవి కూడా దాచారా?" అంది ఆశ్చర్యంగా.

"మీవి కదండీ," అన్నాడు మేస్త్రి. మిగతా ముక్క, మనకేం తెలుసు, అడక్కుండా పారేయకూడదు అన్నది, నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"మీలాంటివాళ్ళు ఉండరండీ ఈ రోజుల్లో. ఎదుటివాళ్ళ వస్తువంటే ఎంత గౌరవం మీకు," అని ఆవిడ ఒక మేకు వేళ్ళ మధ్య తిప్పింది. "ఇది మా నాన్నే కొట్టుంటాడు. చూడండి, ఎంత వంకరగా కొట్టాడో." మేకు చూసి నవ్వింది. నవ్వుతూనే ముక్కు తుడుచుకుంది.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది మేస్త్రి పని. ఆవిడ వెళ్ళాక చాలాసేపు ఉప్పుకాగితంతో రుద్దిన కర్రనే మళ్ళీ రుద్దుతూ కూర్చున్నాడు. వంకర మేకు ఆవిడకి నాన్న అయింది. చేత్తో పట్టుకుంటే బరువుండేది కాబట్టి తనకీ అది కవరులో వేయాలని తోచింది. గోటికి తగలనిదీ, తూకానికి రానిదీ ఒకటి ఉంటుందని, దాన్ని కూడా ఒకరు రోజూ కూర్చుని చేస్తారని తనకి తోచలేదు. తల్లికి తాను అన్యాయం చేశాడు. ఆ మాట ఆయన ఆ బల్ల దగ్గరే మొదటిసారి తనలో తాను స్పష్టంగా అనుకున్నాడు. పెందలాడే దుకాణం కట్టేసి ఇంటికి వెళ్ళిపోయాడు.

ముందుగదిలో ఎవరూ లేరు. తల్లి వంటింట్లో కోడలితో మాట్లాడుతున్న గొంతు వినపడుతోంది. మేస్త్రి టాబ్లెట్ స్టూలు మీద పెట్టి, ఎందుకో వెళ్ళి తల్లి కుర్చీలో కూర్చున్నాడు. ఈ ఇంట్లో చేరినప్పటి నుంచి ఆ కుర్చీలో ఆయన ఎప్పుడూ కూర్చోలేదు.

నిలబడి చూస్తే ఆ కిటికీలోంచి వీధీ, కింద బండ్లూ కనపడతాయి. కూర్చుంటే వేరే. కిటికీ గట్టు వీధిని కప్పేస్తుంది. ఎదురు మేడ మూడో అంతస్తు బాల్కనీ ఒక్కటే సూటిగా కళ్ళకి ఎదురు వస్తుంది. ఆ బాల్కనీలో ఈ చివర నుంచి ఆ చివరకి ఒక తీగ. ఒక మనిషి బయటికి వచ్చి బట్టలు దులిపి ఆరేస్తున్నాడు. చొక్కాని తలకిందులుగా, మెడ కిందికి వచ్చేటట్టు వేశాడు. మేస్త్రికి నవ్వు వచ్చింది. ఎవరైనా అలా ఆరేస్తారా? పక్కన నీలం దుప్పటి. దాని మీది నుంచి జారుతున్న ఎండ తీగ వెంట పక్కకి పోతోంది. ఆ నీలం ఒకచోట ముదురు, ఒకచోట ఇంచుమించు తెలుపు. ఆయన ఎంతసేపు చూశాడో ఆయనకే తెలియదు.

"లేస్తావా, నీ ఒళ్ళో కూర్చోమంటావా?" అంది తల్లి వెనక నుంచి.

మేస్త్రి ఉలిక్కిపడి లేచాడు. ఆవిడ కూర్చుంది. ఆయన వెళ్ళిపోకుండా స్టూలు మీది టాబ్లెట్ ఒళ్ళోకి తీసుకుని ఆ స్టూలు మీదే కూలబడ్డాడు.

"అమ్మా, నీ గుడ్డ నేనే పోగొట్టాను. అడక్కుండా తీసేశాను. తప్పయింది."

"తెలుసుగా."

"తెలుసనుకో. నేను చెప్పలేదు కదా."

పెద్దావిడ తల ఊపింది, అది నిజమేనన్నట్టు.

"ఫోన్ల డాక్టరు రాదన్నాడు," అన్నాడు మేస్త్రి. "అమ్మా, దాన్ని దారంతో ఎందుకు కుట్టలేదు నువ్వు? అంత పని వచ్చినదానివి. బట్ట మీద కుట్టి ఉంటే ఈ పాటికి..."

"సూది పట్రా," అంది పెద్దావిడ.

ఆయన అలమరలోంచి సూదుల డబ్బా తెచ్చి ఒక సూది తీసి ఇచ్చాడు. ఆవిడ దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, కిటికీ వైపు తల తిప్పుకుంది. కాసేపటికి నేల మీద సన్నగా చప్పుడైంది. ఆవిడ వేళ్ళు మాత్రం అలాగే ఒకదానికొకటి ఆనించి ఉన్నాయి.

"ఉందా?" అని అడిగింది, అటే చూస్తూ.

"లేదమ్మా. పడిపోయింది."

"చూశావా. నాకు తెలీలేదు." తల తిప్పి, ఖాళీ వేళ్ళని చూసుకుంది. "వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయి చాలాకాలమైంది. నా వేళ్ళకి తెలీకపోయినా ఈ పలకకి తెలుస్తుంది, నొక్కామని. రంగు పడుతుంది. నేను కంటితో చూసుకుంటాను. ఆ పిట్టల్ని కుట్టిన చేతులు ఎప్పుడో పోయాయిరా నాయనా. వాటికి నువ్వు అద్దం బిగించావు. ఈ చేతులు చేసింది పలకలోని ఆ గుడ్డ ఒక్కటే."

మేస్త్రి వంగి నేల మీద సూది వెతికాడు. అది కళ్ళెదుటే ఉన్నా దొరకడానికి చాలాసేపు పట్టింది.

"ఆ గోడ మీది పిట్టలు నావి కూడా కావు," అంది పెద్దావిడ, ఇప్పుడు కాస్త తేలిగ్గా. "నేను కూలికి కుట్టిన మగ్గాల షెడ్డులో బొమ్మ గీసేవాడు ఒకడు, రంగులు చెప్పేవాడు ఇంకొకడు. మేం దారం ఎక్కించేవాళ్ళం, అంతే. ముక్కు వంకర వచ్చిందని దాన్ని వెనక్కి కొట్టారు. నా మొహాన పడేశారు."

"మరి ఇన్నాళ్ళూ దాచుకున్నావు?"

"ఎవరు దాచారు? పెట్టె అడుగు తుప్పు పట్టి బట్టలకి అంటుతోందని, కాగితానికి బదులు పరిచాను."

మేస్త్రి ఫ్రేము వైపు చూశాడు. టేకు కర్ర, సందు లేని మూలలు, మధ్యలో పెట్టె అడుగు గుడ్డ. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"తీగ మీద ఏ బట్ట వేయాలో ఎవరూ చెప్పలేదు నాకు," అంది పెద్దావిడ. "పొద్దున్నుంచీ చూసేదాన్ని. అతను తెచ్చి ఆరేస్తాడు, ఒకటి గాలికి తిరగబడుతుంది, ఒకటి జారుతుంది. సాయంత్రానికి ఒకటి నచ్చుతుంది. అది వేసేదాన్ని. నీకు జ్వరం వచ్చి పడుకున్నావు చూడు, ఆ రోజు వాన. వాళ్ళ తీగ ఖాళీ. అందుకని నీ గళ్ళ చొక్కా వేశాను."

"నా చొక్కానా?"

"నీదే. మోచేతి దగ్గర జిగురు మరకతో సహా."

ఆ చొక్కా ఉండేదని తెలియకుండానే తాను దాన్ని చెరిపేశాడు. మేస్త్రి తన మోచేతి వైపు చూసుకున్నాడు. ఆ తర్వాత ఆయనకి ఇంకో సంగతి తట్టింది.

"మరి మళ్ళీ మొదలుపెట్టలేదేమమ్మా? ఆ ఆట మళ్ళీ ఎక్కించుకోవచ్చుగా. మూడు రోజుల నుంచి ఉత్తినే కూర్చున్నావు. నా మీద కోపంతోనా?"

"కోపం మొదటి రోజే. మర్నాడే పిల్ల ఎక్కించబోయింది. చోటు లేదంది ఇది. నీ పిట్టల ఫొటోలూ వీడియోలే నిండా ఉన్నాయట. తీసేద్దాం నానమ్మా అంది. నేనే వద్దన్నాను."

"ఎందుకు?"

"నీవి కదరా," అంది పెద్దావిడ. "అంత కష్టపడి తీసుకున్నావు. నీకు వాటితో ఏం పనుందో మాకేం తెలుసు? నిన్ను అడగాలిగా. అడుగుదామంటే నువ్వు ఇంట్లో మొహం తప్పించుకుని తిరుగుతున్నావు."

మేస్త్రి తల వంచుకున్నాడు. దుకాణంలో వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పే మాట తల్లి నోట ఇంత మామూలుగా వినపడుతుందని ఆయన అనుకోలేదు. ఆవిడ దెప్పడానికి అనలేదు. అసలు ఆ మాట ఎవరి దగ్గర నేర్చుకున్నాడో కూడా ఆయనకి అప్పుడే గుర్తొచ్చింది.

"అయితే ఇప్పుడడుగుతున్నాను," అంది ఆవిడ. "తీసేయనా, నీకు కావాలా?"

"తీసేసేముందు ఒక్కసారి చూద్దాం," అన్నాడు.

వీడియో పెట్టాడు. పిట్టలు వణుకుతూ వచ్చాయి. వెనక నుంచి ఆయన గొంతు, పెళ్ళి పందిట్లో మైకు దొరికినవాడిలా, గంభీరంగా మొదలైంది. "ఇది మా అమ్మగారి చేతి పని. అందరూ ఈ ముక్కు చూడాలి. ఈ వంపు చూడాలి. ఇలాంటి వంపు తేవాలంటే ఎంత చేయి తిరిగి ఉండాలి."

పెద్దావిడ మొదట ఊపిరి బిగబట్టింది. తర్వాత భుజాలు కదిలాయి. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని మరీ నవ్వింది. "ఆ ముక్కుకేరా నా కూలి కోసింది," అంది నవ్వు మధ్యలో. మేస్త్రీ నవ్వాడు. వంటింట్లోంచి కోడలు వచ్చి, గుమ్మంలో నిలబడి ఇద్దరినీ వింతగా చూసి వెళ్ళింది.

నవ్వు ఆగాక మేస్త్రి ఫొటోలన్నీ, వీడియోలన్నీ ఎంచాడు. తీసేస్తే తిరిగి రావు, సరేనా అంది టాబ్లెట్. ఈసారి ఆయన దాన్ని చివరిదాకా చదివాడు. చదివి నొక్కాడు. ఆ తర్వాతి పని పెద్దావిడే చేసుకుంది, మనవరాలు నేర్పినట్టు ఒక్కొక్కటే నొక్కుకుంటూ. కాసేపటికి పలక అద్దం నిండా తెల్లటి గళ్ళు వచ్చాయి. ఎంత పక్కకి జరిపినా తెలుపే.

మేస్త్రి తనూ వేలితో ఒకసారి పక్కకి జరిపి చూశాడు. "మళ్ళీ అదే వేస్తావా?"

"అదెలా వస్తుంది? ఆ బట్టలన్నీ ఎప్పుడో ఆరిపోయాయి, మడత పెట్టేసుకున్నారు," అంది ఆవిడ. "ఇవాళ ఏమున్నాయో చూడు."

ఆయన కిటికీ మీదికి వంగి చూశాడు. "నీలం దుప్పటి. తలకిందులుగా ఒక చొక్కా. పిల్లాడి మేజోడు."

"మేజోళ్ళా?"

"ఒక్కటే ఉంది. రెండోది కింద పడిపోయినట్టుంది."

"అయితే అది వేద్దాం."

ముందు తీగ వేసింది, గడి తర్వాత గడి. వేలు ఆనించడం, కళ్ళజోడులోంచి చూసుకోవడం, రంగు పడిందని తెలిశాక పక్క గడికి వెళ్ళడం. కొన్ని గళ్ళు తప్పు పడ్డాయి, చెరిపి మళ్ళీ వేసింది. మేస్త్రి తన పనిలో ఉన్నప్పుడు ఎవరైనా పక్కన నిలబడితే ఊరుకోడు కానీ, ఇప్పుడు తాను ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ నిలబడ్డాడు. కాసేపటికి ఆవిడ టాబ్లెట్‌ని అటూ ఇటూ వంచి విసుక్కుంది.

"ఆ ఫ్రేము అద్దం మీద పడిన ఎండ తిరిగొచ్చి దీని మీద పడుతోందిరా. నాకేమీ కనపడట్లేదు."

"పూర్తిగా తీసేయనా?"

"తీసేయకు. మూలలు బాగా కలిపావుగా. అటుపక్క గోడకి మార్చు."

మేస్త్రి సుత్తి తెచ్చాడు. ఫ్రేము దించి పక్కన ఆనించాడు. సుత్తి వెనక కొక్కెంతో మేకుని అటూ ఇటూ కదిపి లాగాడు. గోడ సున్నం కొంచెం రాలింది. మేకు ఊడి అరచేతిలోకి వచ్చింది, నడుము దగ్గర వంగి ఉంది. ఆయన దాన్ని జేబులో వేసుకోబోయి ఆగాడు. తల్లి వైపు తిరిగాడు.

"అమ్మా, ఈ మేకు ఉంచనా, పారేయనా?"

పెద్దావిడ తల ఎత్తలేదు. ఇంకో గడి మీద వేలు ఆనించి, రంగు పడిందో లేదో చూసుకుంది.

"అడిగావుగా," అంది. "ఇక పారెయ్."